దర్వాజ మీది అయిదు

కామారెడ్డి చుట్టుపక్కల ఏ సర్వే వచ్చినా నన్ను పిలుస్తరు. పోలియో చుక్కలు, జరాల లెక్క, బోదకాలు గోలీలు, ఇంట్ల మరుగుదొడ్డి ఉన్నదా లేదా అని అడిగే లెక్క, అన్ని నా చేతిమీదికెల్లే పోయినయ్. పదిహేనేండ్ల సంది ఒక్కటే తీరు పని. దర్వాజ కొట్టాలె, అడగాలె, రాసుకోవాలె. పోతపోత దర్వాజ పక్క గోడమీద చాక్‌పీసుతోని రెండు నంబర్లెయ్యాలె. మీదిది ఇంటి వరుస నంబరు. దాని కింద గీత గీసి, ఆ ఇంట్ల తేలిన లెక్క. చుక్కలేసిన పిల్లలెందరు, జరమొచ్చినోళ్లెందరు, గట్ల. ఎనుకనుంచి సూపర్‌వైజర్ వచ్చి గోడ చూసి సరే అంటడు. గోడమీద నంబరు లేకుంటే నేను ఆ ఇంటికి పోనట్టే.

గిదంత ముందుగాల ఎందుకు చెప్తున్ననంటే, నేను చేసిన తప్పు నా మతికెల్లి రాలే, నా చేతికెల్లి వచ్చింది. మనసుల కుళ్లు పెట్టుకొని చేసిన తప్పయితే నన్ను నేను నాలుగు తిట్టుకొని ఊకుందును. గిది గట్ల గాదు. ఈ చేతితోని నేనేసిన ఒక్క నంబరుకు ఎల్లారెడ్డి అవుతల ఒక మనిషి కాళ్లుచేతులు ఇరిగే కాడిదాక వచ్చింది, ఊరిడిసి పోయే కాడిదాక వచ్చింది.

కిందటేడాది వానకాలం మొదట్ల కామారెడ్డిల ఒక ఫంక్షన్ హాలుకు ఇరవై మంది ఆడోళ్లను పిలిచిన్రు. హైదరాబాదుకెల్లి ఒక మేడమ్ వచ్చింది. మనిషి మనసు ఎవ్వలి మీదికి పోతదో లెక్క తీసే సర్వే అని చెప్పింది. మొగోనికి ఆడమనిషి మీద, ఆడమనిషికి మొగోని మీద మనసు పోతదని మనకెరుకే. గని కొందరి మనసు తమసొంటోళ్ల మీదికే పోతది, కొందరికి రెండు దిక్కుల పోతది, అది రోగం కాదు, తప్పు కాదు, పల్లెల్ల గసొంటోళ్లు ఎట్ల బతుకుతున్నరో ఎవ్వలూ అడగలేదు అని అన్నది. మంచి మనిషే, మెల్లగ మాట్లాడేది. తెర మీద ఒక గీత చూపిచ్చింది. గీతకు ఈ కొసన సున్నా, ఆ కొసన ఆరు. సున్నా అంటే ఎన్నడూ తనసొంటోళ్ల మీదికి మనసు పోలేదన్నట్టు. ఆరు అంటే ఎప్పటికీ తనసొంటోళ్ల మీదికే అన్నట్టు. మూడు అంటే నడిమిట్ల.

పక్కన కూసున్నామె నా చెవుల, మనకెంత పడతదే అని అడిగి కిసకిస నవ్వింది. నేను నవ్వలే. నాకు కోపం ముక్కు మీదుంటది, మా ఇంట్ల అందరికెరుకే. జరం కొలుస్తం, సుగరు కొలుస్తం, గిది గూడ కొలిసేదేనా అనిపిచ్చింది. లేచి అడిగిన గూడ, కొలిచినంక ఏం జేస్తరు మేడమ్ అని. ఆమె మస్తు చెప్పింది. అందుల నా తలకెక్కింది ఒక్కటే. పేరు రాయొద్దు, ఫోన్ నంబరు రాయొద్దు, ఏదైనా ట్యాబ్‌లనే ఉంటది, ట్యాబ్‌కు తాళముంటది. ఇంటి గోడ గురించి ఆమె ఏం చెప్పలే. చెప్పాలని ఆమెకు మాత్రం ఎట్ల తెలుస్తది. ఆమె ఉండే కాడ గోడలమీద రాసేటోళ్లు ఎవ్వలూ ఉండరు.

సొంతూరు పక్కన ఉండొద్దని నాకు ఎల్లారెడ్డి అవుతల ఒక చిన్న ఊరు ఇచ్చిన్రు. అరవై ఇండ్లు. ఇంటికొక్కరిని అడగాలె, పద్దెనిమిది దాటినోళ్లు ఎవ్వలుంటే వాళ్లను. పొద్దుగాల కామారెడ్డిల బస్సెక్కి లింగంపేట మీదుంగ ఎల్లారెడ్డిల దిగి, ఆడికెల్లి షేర్ ఆటో. ఆటోల మోకాళ్లకు మోకాళ్లు తాకిచ్చుకొని కూసుంటే ఊరి ముచ్చట్లన్నీ దిగకముందే తెలిసిపోతయ్.

ట్యాబ్‌ల ఉన్న తెలుగు చదివితే మా ఊర్లల్ల ఎవ్వలికీ సమజ్ కాదు. మొదటింట్ల చదివితే ఒక ముసలాయన, మా ఇంట్ల అసొంటియి ఏం లేవమ్మా, మొన్ననే మందు కొట్టిచ్చినం అన్నడు. ఇగ నా మాటల్లనే అడుగుడు షురూ చేసిన. నీ మనసు ఎవ్వలి మీదికి పోతది, పెండ్లి ముచ్చట పక్కన పెట్టు, మనసు ముచ్చట చెప్పు అని. కొందరు సిగ్గుపడ్డరు, ఒకామె నన్ను చీపురుకట్ట తీస్తనన్నది. మొగోళ్లు నవ్వి మీసం దువ్వుకున్నరు. అందరు సున్నా. ఎక్కడనో ఒక్క ఒకటి. నేను ట్యాబ్‌ల నొక్కుడు, సంచిలకెల్లి చాక్‌పీసు తీసుడు, గోడమీద వరుస నంబరు, గీత, కింద సున్నా. నా చెయ్యి ఏం జేస్తున్నదో నేను చూసుకోలే. అన్నం తినేటప్పుడు చెయ్యి నోటికాడికి పోతున్నదా లేదా అని చూసుకుంటమా, గట్లనే.

పద్నాలుగో ఇంట్ల ఒకాయన ఉండె. ముప్పై ఒక్కేండ్లు. నాలుగేండ్లు దుబాయిల ఉండి వచ్చి, ఇప్పుడు ఊరికి ఎల్లారెడ్డికి నడుమ ఆటో తోలుతడు. పొద్దుగాల నేనెక్కింది గూడ ఆయన ఆటోనే. తల్లి బీడీలు చేస్తది. ఆ దినం చేసిన బీడీలు అప్పజెప్పి ఆకు తెచ్చుకునేటందుకు కార్ఖానకు పోయిందట, ఇంట్ల ఒక్కడే ఉండె. కుర్చీ ఏసిండు, నీళ్లిచ్చిండు. అడిగిన. అందరి తీర్గ నవ్వలే. మల్ల ఒక్కసారి అడుగక్కా అన్నడు. మల్ల అడిగిన.

"గిది ఎవ్వలికీ తెల్వది గదా అక్కా?"

"నా బిడ్డ మీద ఒట్టు. పేరు గూడ రాస్తలేను."

అప్పుడు చెప్పిండు. చిన్నప్పటి సంది గంతేనట. దుబాయిల ఒకాయన తోడుండేటోడట, ఆ మనిషికి ఇంటికాడ పెండ్లైంది, ఇప్పుడు ఫోన్ గూడ లేదట. ఎవ్వలికన్న చెప్పినవా అంటే, నన్నెవ్వలూ అడగలేదక్కా అన్నడు. నేను గీత ముచ్చట చెప్పి, ఆరెయ్యాల్నా అన్న. ఆరంటే ఇగ దర్వాజ మూసినట్టే గదా, అయిదెయ్యి అన్నడు. అని నవ్విండు. నవ్వితే ఆయన మొఖంల బరువు దిగినట్టు కనిపిచ్చింది. నాకు గూడ మనసుకు మంచిగనిపిచ్చింది, పరాయి మనిషి నన్ను నమ్మి ఇంత పెద్దమాట చెప్పిండని. ఆ మంచితనంలనే బయటికొచ్చి, ఆయన ఇంటి గోడమీద పద్నాలుగు రాసి, గీత గీసి, కింద అయిదు ఏసిన.

మూడు దినాలు గట్లనే ఏసుకుంట పోయిన.

నాలుగోనాడు ఆటో దిగంగనే ఒకామె నన్ను పట్టుకున్నది. మా ఇంటికి సున్నా ఏసినవ్, వాళ్లింటికి అయిదేసినవ్, మేమేం పాపం చేసినం అని గల్ల పట్టినంత పని చేసింది. ముందుగాల నాకు అర్థం కాలే. ఆమె చెయ్యి చూపిచ్చిన దిక్కు చూసిన. గల్లీ పొడుగునా సున్నా, సున్నా, సున్నా, ఒకటి, సున్నా. ఒక్క గోడమీద అయిదు. ఆడనే ఒక గద్దె మీద కూసున్న. మనిషి కడుపుల దాసుకున్న మాటను నేను గోడకెక్కిచ్చిన.

ఊరోళ్లకు అప్పటికి మతలబు తెల్వది. వాళ్లు అనుకున్నది ఏరే. ఇండ్ల స్కీము వస్తుందట, కొత్త కార్డులొస్తయట, ఎక్కువ నంబరున్నోళ్లకు ముందుగాల వస్తదట. ఇంటింటికి ఎవ్వలొచ్చి నంబరేసి పోయినా మావోళ్లకు ఇదే ఆశ, తప్పు వాళ్లది గాదు. సున్నా పడ్డోళ్లంత నా ఎంబడి పడ్డరు. ఒకాయన నన్ను పక్కకు తీస్కపోయి, కనీసం రెండన్న ఎయ్యమ్మా అని బతిమిలాడిండు. నవ్వొచ్చే ముచ్చటే. గని నాకు బుగులు పట్టింది.

తడిగుడ్డ పట్టుకొని అయిదు తుడుద్దామని పోయిన. ఆయన తల్లి బయటనే కూసొని బీడీలు చేస్తున్నది, పక్కింటామె గూడ ఉన్నది. ఇద్దరు ముసలోళ్లు, ఇద్దరికీ మొగండ్లు లేరు, ముప్పయేండ్ల సంది ఒక్క అరుగు మీదనే చాటలు ఒళ్లె పెట్టుకొని చేస్తరట, వదినె అంటే వదినె అని పిలుసుకుంటరు. గోడ చూసిన. అయిదు మీద తెల్ల రంగు ఎక్కిచ్చి ఉన్నది. చాక్‌పీసు వానకు పోతదని, ఆ తల్లే పెయింటు డబ్బా అడుక్కొచ్చి నా నంబరు మీద మల్ల దిద్దిందట. లిస్టుల మా పేరు పోవద్దు గదా బిడ్డా అన్నది. గుడ్డ సంచిల పెట్టుకున్న. ఆ గుడ్డ తడి కాయితాల దాక ఎక్కింది.

మాపటికి ఆయన ఆటోలనే ఎల్లారెడ్డికి వచ్చిన. కావాలని అందరు దిగేదాక ఆగిన. చెప్పిన, తప్పైందని, చెయ్యి అలవాటని, చెప్పుకుంట ఏడ్సిన. ఆయన ఆటో పక్కకు ఆపిండు. వాళ్లకు తెల్వది గదా దాని అర్థమేందో, ఎవ్వలు చెప్తరు, ఊకో అక్కా అన్నడు. నాకు ధైర్యం చెప్పబట్టిండు. నేను ఆయనకు చెప్పాల్సింది పోయి.

రాత్రంత ఏం జెయ్యాల్నని రంది. పొద్దుగాలకు నాకొక ఉపాయం తట్టింది. ఇప్పుడు అనిపిస్తది, ఆ ఉపాయం తట్టకపోయినా బాగుండు. అయిదును తుడుసుడు కాకుంటే, అందరికీ అయిదే ఏస్త. అడిగిన్రు గదా, ఇస్త. ఊరికి పోయి, లెక్కల తప్పు పడ్డది, అందరిది ఒక్కటే నంబరు అని చెప్పి, సున్నా తుడిసి సున్నా తుడిసి అరవై ఇండ్లకు అయిదేసిన. జనం ఖుషీ. ఒకామె చాయ తాపిచ్చింది. కొందరు ఆ సాయంత్రమే రంగు కొన్నరు. ఊరు ఊరంత ఒక్క తీర్గ అయిపోయింది, ఇగ ఆయన ఇల్లు ఏదో ఎవ్వలికి తెలుస్తది అనుకున్న.

కామారెడ్డికొచ్చి సూపర్‌వైజర్‌కు చెప్పుకున్న. గోడమీద రాసుడేంది, బుద్ధున్నదా అని తిట్టిండు. తిట్టినంక ట్యాబ్ తీసి చూసిండు. అందుల పద్నాలుగో లైను అట్లనే ఉన్నది. మొగ, ముప్పై ఒకటి, అయిదు. ఏ జాగల నొక్కినమో ఆ జాగ గూడ అందుల పడతదని అప్పుడే నాకు తెలిసింది. డేటా మంచిగున్నది, ఏం ఫికర్ లేదు అన్నడు. చాక్‌పీసు కంటికి కనిపిచ్చింది, అందుకే నాకు బుగులైంది. ట్యాబ్ లోపలున్నది ఎవ్వలికి ఎప్పుడు కనిపిస్తదో నాకు తెల్వదు, ఆయనకు తెల్వదు.

వారం దినాలు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒకనాడు మొగోళ్లు చాయ హోటలు కాడ కూసొని ఎవ్వలిని ఏమడిగిందో చెప్పుకున్నరట. నన్ను గిట్లడిగింది, నిన్ను గూడ గట్లనే అడిగిందా అని. కామారెడ్డిల డిగ్రీ చదివే ఒక పిలగాడు ఫోన్‌ల వెతికి గీత, సున్నా, ఆరు, అన్ని తీసి చదివిండట. అర్థమైనంక ముందుగాల అందరు పడిపడి నవ్విన్రట. తర్వాత ఒక్కడు లేచి, మరి మా ఇండ్లమీద అయిదెందుకేసింది అన్నడట. నవ్వు అక్కడనే ఆగిపోయింది. రంగు కొని మరీ దిద్దిచ్చుకున్నోళ్లకు ఇంక కోపమొచ్చింది. ఇంటింటికి సున్నం పట్టుకొని పోయి అయిదుల మీద పూసిన్రు. మల్ల ఎవ్వలో అడిగిండు, ముందుగాల అయిదు ఎవ్వలింటికి పడ్డది?

ఆ మాటకు ఊరంతటికీ జవాబెరుకే.

ఆటో ఆయనే, నేనిచ్చి వచ్చిన నంబరుకు ఫోన్ చేసి చెప్పిండు ఇదంత. గొంతు మెల్లగ ఉన్నది. ఆటో టాపు ఎవ్వలో బ్లేడుతోని పొడుగునా కోసిన్రట. రెండు దినాల సంది ఎవ్వలూ ఎక్కుతలేరట. ముగ్గురు పిలగాండ్లు తొవ్వల ఆపి తాళంచెవి గుంజుకొని, కాళ్లు ఇరగ్గొట్టి పంపిస్తం, నువ్వే పోతే మంచిది అన్నరట. మా అవ్వకు ఏం చెప్పలేదక్కా, టాపు చెట్టుకొమ్మకు తగిలి చినిగిందన్న, అన్నడు. ఆ తెల్లారే ఊరి పెద్దమనిషి నాకు ఫోన్ చేసిండు. ఊర్ల పంచాయతికి కూసుంటున్నం, నువ్వు రావాలె, నీ నోటితోని చెప్పాలె అన్నడు. రాకుంటే కామారెడ్డికొచ్చి తీస్కపోతమన్నడు.

పోకుంట ఉందామనుకున్న. భిక్నూర్ల మా తల్లిగారింటికి పోయి నాలుగు దినాలు దాసుకుందామని సంచి గూడ సదురుకున్న. గని నేను పోకుంటే నోరు మూసుకున్నట్టు గాదు, అవునన్నట్టు అయితది. బస్సెక్కిన. ఎల్లారెడ్డిల ఆ ఊరి పేరు చెప్తే షేర్ ఆటోల నా పక్కన కూసున్నామె నన్ను చూసి ఇంకో ఆటోల ఎక్కింది. నేను ఎవ్వలనో ఆమెకు ఎరుకైనట్టున్నది.

పంచాయతి ఆఫీసు ముందర, పగటీలి రెండు గంటలకు. ఎండ మబ్బుల నడుమ వస్తున్నది పోతున్నది. మొగోళ్లు కుర్చీల మీద, ఆడోళ్లు గోడ పొంటి. ఆయన ఒక్కడు అవుతల నిలబడ్డడు, చేతులు ఎనుకకు కట్టుకొని. చుట్టు ఎవ్వలూ లేరు, ఐదారడుగులు జాగ ఇడిసిన్రు. తాళంచెవి గుంజుకున్న పిలగాడు దాన్ని ఏలికి తిప్పుకుంట నిలబడ్డడు.

పెద్దమనిషి నన్ను తిట్టలే. మెత్తగ మాట్లాడిండు. నువ్వు బయటిదానివి, నీకు మాకు పంచాయతి లేదు, ఒక్క మాట చెప్పి పో, పద్నాలుగో ఇంట్ల నీకు జవాబు చెప్పింది ఎవ్వలు అన్నడు. నేను, గది చెప్పొద్దని రూలున్నది అన్న. రూలుంటే గోడకెందుకేసినవ్ అన్నడు. ఎనుకనుంచి ఎవ్వలో, చెప్పకుంటే ఈమెను గూడ కదలనియ్యొద్దు అన్నరు. ఆయన దిక్కు చూసిన. ఆయన నన్ను చూస్తలేడు, భూమిని చూస్తున్నడు. ఇగ ఆయనే నోరు తెరిచి చెప్పేస్తడని నాకు తెలిసిపోయింది. మెడ కదిలింది, పెదవి తడుపుకున్నడు.

అప్పుడు గోడ పొంటికెల్లి తల్లి లేచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టి, మెల్లగ. కొంగు నడుముకు చెక్కుకొని నడుమిట్లకొచ్చింది.

"అన్నా, ఆ అయిదు నాది. ఆ దినం ఇంట్ల నేనే ఉన్న. ఈ బిడ్డ నన్నడిగింది, నేనే చెప్పిన."

ఎవ్వలికీ ఏం సమజ్ కాలే. పెద్దమనిషి, నీకేమన్న సోయి ఉన్నదా, ఆ నంబరంటే ఏందో ఎరుకేనా అన్నడు. ఎరుకే, నాకు గూడ చెప్పిన్రు అన్నది. అరవై దాటినదానివి, ఏం మాటలవి అన్నడు. అడిగింది, చెప్పిన, తప్పయితే నన్ను కొట్టున్రి, నా కొడుకు తాళంచెవి ఇచ్చేయున్రి అన్నది. కొడుకు తలెత్తిండు. అవ్వా అన్నడు. ఆమె అటు చూడకనే చెయ్యి లేపి ఆగుమన్నది.

నాకు నిజం తెలుసు. ఇంకొకరికి గూడ తెలుసు. ఆ దినం కార్ఖానకు ఆమె ఒక్కతే పోలే, పక్కింటి వదినె గూడ ఎంబడి పోయింది. పొద్దంత ఇద్దరు ఆడనే ఉన్నరు. ఆ వదినె గోడ పొంటి, నాకు నాలుగడుగుల దూరంల కూసొని ఉన్నది. ఆమె నోటికెల్లి ఒక్కమాట వస్తే చాలు, తల్లి మాట అబద్ధమైతది, కొడుకు కాళ్లిరుగుతయ్. ఆమె ఇద్దరు కొడుకులు ఆడనే కుర్చీల మీదున్నరు. పెద్దకొడుకు ఏదో యాది చేసుకుంటున్నట్టు తల్లి దిక్కు తిరిగి, అమ్మా, ఆ దినం మీరు కార్ఖానకు పోలేదా అన్నడు. ఆ ముసల్ది కొడుకు మొఖంలకు సక్కగ చూసింది. నేను ఒక్కదాన్నే పోయిన, వదినెకు జరమొచ్చి ఇంట్లనే పండుకున్నది అన్నది.

పెద్దమనిషి నా దిక్కు తిరిగిండు. నిజమేనా అన్నడు. నిజమే అన్న.

ఎవ్వడో ఒకడు నవ్వబోయి ఆపుకున్నడు. ముసలోళ్ల ముచ్చట ఇగ పోనియ్యున్రి అని ఒకరన్నరు, ఛీ అని ఒకరు ఉమ్మిన్రు. తాళంచెవి తిప్పుతున్న పిలగాడు దాన్ని ఆయన కాళ్ల కాడ ఏసిండు. కూసున్నోళ్లు లేసి పోయిన్రు. అంతే అనుకున్న. ఒక ముసలామెను ఏం జేస్తరు, నాలుగు దినాలు నవ్వుకొని మర్చిపోతరు అనుకున్న. బస్సుల కూసున్నంక నాకు ఏడుపు ఆగలే.

పొలాలు కోతకొచ్చినంక మల్ల పోయిన. సర్వే అయిపోయింది, నాకు ఆడ పనేం లేదు. ఆయన ఆటోలనే పోయిన, టాపు కుట్టిచ్చిండు, ఆటో నిండా మనుషులున్నరు. దిగినంక అడిగితే, అవ్వతోని ఆ ముచ్చట ఇప్పటికీ మాట్లాడలేదక్కా, ఆమె అన్నం పెడతది, నేను తింట అన్నడు. ఇంటికి పోయిన. అరుగు నడిమిట్లకెల్లి అడ్డంగ కంప కొట్టి ఉన్నది. ముండ్లకంప, మనిషెత్తు. అటు దిక్కు వదినెది, ఇటు దిక్కు ఈ అవ్వది.

ఆమె ఒక్కతే చాట ముందర పెట్టుకొని చేస్తున్నది. నన్ను తిట్టలే. కూసో బిడ్డా అన్నది. నేను అడగకముందే కంప దిక్కు గదుమ చూపి చెప్పింది. ఆ కూసున్నకాడికెల్లి లేచినంక ఊరోళ్లు వదినె కొడుకులను ఒక్కటే అడిగిన్రట, ఆ ముసల్ది గసొంటిదైతే ముప్పయేండ్ల సంది మీ అమ్మ ఆ అరుగు మీద ఏం జేసిందిరా అని. మూడో దినమే కంప పడ్డది. వదినె బయట కనిపిస్తే కాళ్లు కట్టేస్తమని ఆ కొడుకులే అన్నరట. ఆమె బీడీలు గూడ పెద్దకొడుకే తీస్కపోయి అప్పజెప్తడట. నా కొడుకును దక్కిచ్చుకున్న, వదినెను పోగొట్టుకున్న, నా మీద ఏసుకుంటే ఇద్దరు దక్కుతరనుకున్న అన్నది.

నేను, తప్పైంది అవ్వా అన్న. ఎన్నిసార్లన్నానో నాకే లెక్కలేదు. నువ్వు ఏసిన నంబరు పోయింది బిడ్డా, నేను అన్నమాట పోతలేదు అన్నది. కొంచెం ఆగి, ఆకు కత్తిరించుకుంట, నువ్వు నిజంగనే నన్నడిగుంటే ఏం చెప్తుంటినో, నన్నయితే ఎవ్వలడిగిన్రు అన్నది.

కంప అవుతలికెల్లి దగ్గు వినొచ్చింది. పొడి దగ్గు, బీడాకు దుమ్ముకు వచ్చే దగ్గు, జల్ది ఆగలే. అవ్వ చేతుల ఆకు ఎక్కడిదక్కడనే ఆగింది. కంప దిక్కు తిరగలే, తల వంచుకొని అట్లనే ఇంటున్నది. దగ్గు ఆగేదాక ఆమె ఏలు కదలలే. ఆగినంక ఇటు నుంచి తను గూడ ఒక్కసారి దగ్గింది, ఉత్తగనే, జరం గిట్ల ఏం లేకుంటనే. అవుతల చాట సప్పుడైంది. అప్పుడు మల్ల చుట్టుడు షురూ చేసింది.

నీ మనసు ఎవ్వలి మీదికి పోతది అవ్వా అని అడగాలనిపిచ్చింది. నాలిక మీదికొచ్చింది గూడ. అడగకుంటనే లేచి వచ్చిన.